ఇంటి కంప్యూటరుకు ఉచిత డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం

కొని ఏడెనిమిదేళ్లయిన కంప్యూటరును ఆన్ చేసి, కాఫీ కలుపుకొని తిరిగి వచ్చేసరికి కూడా తెర మీద గుండ్రాలు తిరుగుతూనే ఉంటే, ఇంటికి వచ్చిన వారిలో ఎవరో ఒకరు “ఒకసారి డీఫ్రాగ్ చేసి చూడండి” అని సలహా ఇవ్వడం పరిపాటి. డీఫ్రాగ్ అంటే డిస్క్ మీద ముక్కలుగా చెల్లాచెదురైన ఫైళ్లను తిరిగి ఒకచోట చేర్చడం. ఆ మాట పట్టుకొని ఇంటర్‌నెట్‌లో వెతికితే ఉచిత డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు వరుసగా కనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ మిగిలిన వాటికంటే తానే వేగవంతమైనదని చెప్పుకొంటుంది. ఆ పేర్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ముందు తేల్చుకోవలసిన సంగతులు మూడు ఉన్నాయి. మీ కంప్యూటరులో ఉన్నది ఏ రకం డిస్క్, అందులోని ఫైళ్లు నిజంగా ముక్కలయ్యాయా, ముక్కలైతే విండోస్‌తో పాటు వచ్చిన పనిముట్టు చేయలేని పని మీకు ఏదైనా ఉందా అన్నవి ఆ మూడు. వీటికి జవాబులు దొరికేసరికి చాలా ఇళ్లలో కొత్తగా ఏదీ దించుకోనవసరం లేదని తేలిపోతుందన్నది నా అభిప్రాయం. అయినా అవసరం మిగిలే ఇళ్లు కొన్ని ఉంటాయి. ఈ వ్యాసంలోని రెండో సగం వారి కోసం.

ముక్కలు ఎలా ఏర్పడతాయి

పదిమంది ఉన్న కుటుంబం పెళ్లికి రైలులో బయలుదేరిందనుకుందాం. రెండు నెలల ముందే టికెట్లు తీసుకుంటే పది బెర్తులూ ఒకే బోగీలో వరుసగా దొరుకుతాయి. రెండు రోజుల ముందు తీసుకుంటే, ఎవరెవరో రద్దు చేసుకున్న చోట్లలో ఎస్-3లో ఇద్దరికి, ఎస్-7లో ముగ్గురికి, మిగిలిన వారికి మరెక్కడో దొరుకుతాయి. అందరూ రైలులోనే ఉన్నారు, ఎవరూ తప్పిపోలేదు. కాని పులిహోర పొట్లాలు పంచవలసిన పెద్దమ్మ మాత్రం బోగీ బోగీ తిరగవలసి వస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియాలంటే టీటీఈ చేతిలోని చార్టు చూడాలి.

హార్డ్ డిస్క్‌లో జరిగేదీ ఇదే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో డిస్క్ అంతా సాధారణంగా 4 కేబీ పరిమాణం గల క్లస్టర్లు అనే చిన్న గడులుగా విభజించి ఉంటుంది. పాత ఫైళ్లను తీసివేసినప్పుడు మధ్యమధ్య ఖాళీలు పడతాయి. తరువాత వచ్చే పెద్ద ఫైలుకు ఒకేచోట సరిపడా ఖాళీ లేకపోతే విండోస్ దానిని ఆ ఖాళీలలో ముక్కలుగా సర్దుతుంది. ఏ ముక్క ఎక్కడ ఉందో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో రాసి పెట్టుకుంటుంది. ఒకేసారి కాపీ చేసి వదిలేసిన ఫోటోలు అంతగా ముక్కలు కావు. రోజుకు కొంచెం చొప్పున పెరిగే ఫైళ్లు, అంటే కంప్యూటరులో దాచుకున్న ఈమెయిలు పెట్టె, టోరెంటు ద్వారా దిగిన వీడియో, సీసీ కెమెరా రికార్డింగు, తరచూ అప్‌డేట్ అయ్యే ఆట, ఇవే ఎక్కువగా చెల్లాచెదురవుతాయి. డిస్క్ నిండిపోయే కొద్దీ ఖాళీలు చిన్నవవుతాయి కాబట్టి ముక్కలు మరింత చిన్నవవుతాయి.

దీనివల్ల ఎంత ఆలస్యమవుతుందో లెక్క వేసి చూస్తే మంచిది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ప్రకటనలు ఆ లెక్కను ఎప్పుడూ చెప్పవు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు తిరగడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ (సమాచారాన్ని చదివే మొన) కిందికి వచ్చేందుకు సగటున అందులో సగం, అంటే నాలుగు మిల్లీసెకన్లకు కొంచెం పైగా వేచి ఉండాలి. హెడ్‌ను మోసే చెయ్యి ఒకచోటి నుంచి మరొకచోటికి జరగడానికి మామూలు డెస్క్‌టాప్ డిస్కులలో దాదాపు 9 మిల్లీసెకన్లు కలుపుకుంటే, ఒక ముక్క నుంచి మరొక ముక్కకు గెంతడానికి సుమారు 13 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. ఫైలు పది ముక్కలుగా ఉంటే అదనపు ఆలస్యం సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే. దానిని మనం గమనించలేము. అదే నాలుగు వేల ముక్కలైతే ఆలస్యం 52 సెకన్లు. కనుక డీఫ్రాగ్ వల్ల మేలు జరుగుతుందా లేదా అన్నది ముక్కల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది తప్ప, ముక్కలు ఉన్నాయన్న ఒక్క మాట మీద కాదు.

ముందుగా డిస్క్ ఏ రకమో చూడాలి

పై లెక్క అంతా తిరిగే పళ్లెం, కదిలే చెయ్యి ఉన్న హార్డ్ డిస్క్‌కే వర్తిస్తుంది. ఎస్‌ఎస్‌డిలో, అంటే ఫైళ్లను ఫ్లాష్ మెమరీ చిప్పులలో దాచే సాలిడ్ స్టేట్ డ్రైవులో, కదిలేది ఏదీ లేదు. ముందు చెప్పిన కుటుంబంలో అందరి చేతిలో ఫోను ఉండి, పులిహోరకు బదులు ఫోటో పంపవలసి వస్తే ఎవరు ఏ బోగీలో ఉన్నారన్న పట్టింపు ఉండదు కదా, దాదాపు అలాగే. పైగా ఎస్‌ఎస్‌డిలోని మెమరీ కణాలు కొన్ని సార్ల రాత తరువాత అరిగిపోతాయి. తయారీదారులు ఎన్ని టెరాబైట్ల రాతకు హామీ ఇస్తారో డబ్బా మీదో వెబ్‌సైటులోనో ప్రకటిస్తారు. అవసరం లేని డీఫ్రాగ్ అంటే ఆ హామీలో కొంత భాగాన్ని ఊరికే ఖర్చు చేయడమే.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ దించుకోనక్కర లేదు. స్టార్ట్ మెనూ తెరిచి డీఫ్రాగ్ అన్న మాటను ఇంగ్లిషు అక్షరాలలో టైపు చేస్తే ‘డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్’ అన్న పేరు కనిపిస్తుంది. దానిని తెరిస్తే మీ డ్రైవులన్నీ ఒక పట్టికలో వస్తాయి. విండోస్ 8 నుంచి ఆ పట్టికలో ‘మీడియా టైప్’ అనే నిలువు వరుస ఉంది. అక్కడ ‘సాలిడ్ స్టేట్ డ్రైవ్’ అని ఉంటే మీరు వెతుకుతున్న సాఫ్ట్‌వేర్ మీకు అవసరం లేదు. కంప్యూటరు నెమ్మదించడానికి కారణం మరెక్కడో ఉంది. ఆ డ్రైవు మీద ‘ఆప్టిమైజ్’ బొత్తాన్ని నొక్కితే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. తీసివేసిన ఫైళ్లు ఏయే చోట్లలో ఉండేవో ఎస్‌ఎస్‌డికి తెలియజేసే ఆదేశం అది. దానివల్ల నష్టం లేదు, మేలే. సిస్టమ్ రీస్టోర్ (విండోస్‌ను పాత స్థితికి తిరిగి తెచ్చే ఏర్పాటు) పని చేస్తున్నప్పుడు విండోస్ అరుదుగా ఎస్‌ఎస్‌డిని కూడా కొంత డీఫ్రాగ్ చేస్తుంది. దానికి దాని కారణాలు ఉన్నాయి, ఆ పనిని దానికే వదిలేయడం ఉత్తమం. పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులకు కూడా ఈ మాటలే వర్తిస్తాయి, ఎందుకంటే వాటిలో ఉన్నదీ ఫ్లాష్ మెమరీయే.

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో సి డ్రైవు ఎస్‌ఎస్‌డిగా, డి డ్రైవు హార్డ్ డిస్క్‌గా రెండూ ఉంటున్నాయి. అటువంటి కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, డి డ్రైవును మాత్రమే ఎంచుకొని సి డ్రైవు మీది టిక్కును తీసివేయాలి. కొన్ని హార్డ్ డిస్కులలో, ముఖ్యంగా జేబులో పట్టే ఎక్స్‌టర్నల్ డిస్కులలో, రాత వరుసలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక వరుసను మార్చాలంటే దాని పక్క వరుసలనూ తిరిగి రాయవలసి రావడంతో వాటి మీద డీఫ్రాగ్ విపరీతంగా సాగుతుంది. పెళ్లి వీడియోలు దాచుకొని అలమరలో పెట్టే డిస్క్ అటువంటిదైతే దానిని కదపకపోవడమే మంచిది.

డిస్క్ ఆరోగ్యం సంగతి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. కంప్యూటరు నెమ్మదించడానికి ముక్కలైన ఫైళ్లు కాక, చెడిపోతున్న డిస్క్ కారణం కావచ్చు. అటువంటి డిస్క్ మీద గంటల తరబడి డీఫ్రాగ్ నడిపితే, జ్వరంతో ఉన్న మనిషిని మెట్లెక్కించినట్టవుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకున్న వివరాలను చూపిస్తుంది. అందులో 05 సంఖ్య గల ‘రీఅలొకేటెడ్ సెక్టర్స్ కౌంట్’, సీ5 సంఖ్య గల ‘కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్’ అన్న రెండు వరుసలను చూడండి. చివరి నిలువు వరుసలో అన్నీ సున్నాలే ఉంటే ఆ రెండు విషయాలలో భయం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను మామూలుగా పదహారు ఆధారంగా గల పద్ధతిలో చూపిస్తుంది కాబట్టి అక్షరాలు కలిసిన అంకెలు కనిపిస్తే కంగారు పడనక్కర లేదు, కాని అవి సున్నా కావన్నది మాత్రం నిజం. అప్పుడు చేయవలసిన మొదటి పని ఫోటోలను, కాగితాలను మరో డిస్క్‌కు కాపీ చేసుకోవడం. డీఫ్రాగ్ ఆలోచనను అక్కడితో మానుకోవాలి. సున్నాలే ఉన్నా, డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని కొత్త శబ్దం వస్తుంటే కూడా నేను ఇదే చెబుతాను.

విండోస్‌తో వచ్చిన పనిముట్టు

విండోస్ 95, 98 రోజులలో డీఫ్రాగ్ అంటే తెర నిండా రంగు రంగుల చిన్న గడులు. ఎరుపు నీలమవుతూ ఒక్కో గడీ సర్దుకుంటుంటే గంటసేపు కదలకుండా చూసినవారు నాతో పాటు ఎందరో ఉంటారు. విండోస్ 2000, ఎక్స్‌పీలలో వచ్చినది డిస్క్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌కు కుదించిన రూపం. దానిని తయారుచేసిన ఎగ్జిక్యూటివ్ సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచే మైక్రోసాఫ్ట్ దానిని తీసుకుంది. విస్టాలో ఆ బొమ్మను తీసివేసి, ప్రతి బుధవారం వేకువజామున ఒంటిగంటకు తనంతట తానే నడిచేలా ఏర్పాటు చేశారు. విండోస్ 7లో ముక్కల శాతం తిరిగి కనిపించసాగింది, ఎస్‌ఎస్‌డిని గుర్తించి దాని జోలికి వెళ్లకుండా ఉండే తెలివీ వచ్చింది. విండోస్ 8 నుంచి పేరు ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ అయింది. బొమ్మ పోయినందువల్ల ఈ పనిముట్టు పనికిరానిదన్న అపోహ కొంతమందిలో మిగిలిపోయింది కాని, చేసే పనిలో అది పాతవాటికంటే ఎంతో మెరుగైనది.

దీనిని వాడే పద్ధతి సులభం. ముందు చెప్పిన కిటికీలో హార్డ్ డిస్క్‌ను ఎంచుకొని ‘అనలైజ్’ నొక్కితే కొద్ది నిమిషాలలో ముక్కల శాతం చెబుతుంది. పది శాతం దాటితే ‘ఆప్టిమైజ్’ నొక్కండి; దాటకపోతే వదిలేయండి. పది శాతం అన్నది విండోస్ 7 కాలంలో మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించిన హద్దు, ఇప్పటికీ దానిని మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. విండోస్ ఈ పనిని కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు, వారానికి ఒకసారి తనంతట తాను చేసుకోవాలి. కాని పని కాగానే కంప్యూటరు ఆపి, కరెంటు బిల్లు గుర్తుకు వచ్చి గోడ దగ్గర స్విచ్చు కూడా కట్టేసే ఇంట్లో దానికి ఖాళీ సమయం దొరకదు. ‘లాస్ట్ రన్’ అన్న చోట ఏడాది కిందటి తేదీయో, ‘నెవర్ రన్’ అన్న మాటో కనిపిస్తే ఇదే కారణం కావచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం మీరే నొక్కి వదిలేస్తే, కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం అక్కడితో ముగిసిపోతుంది.

ఈ పనిముట్టు 64 ఎంబీ కంటే పెద్దవైన ముక్కలను ముక్కలుగా లెక్కించదు. వేరే సాఫ్ట్‌వేర్ దించుకొని చూసి, “విండోస్ రెండు శాతం అంటోంది, ఇది ఇరవై శాతం అంటోంది, విండోస్ మోసం చేసింది” అని అనుకునేవారికి కారణం చాలావరకు ఇదే. డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదువుతుందనుకుంటే 64 ఎంబీ ముక్క చదవడానికి 640 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తరువాత గెంతడానికి పట్టే 13 మిల్లీసెకన్లు అందులో రెండు శాతం మాత్రమే. అంత పెద్ద ముక్కలను ఒకచోట చేర్చడానికి గంటలు వెచ్చించినా దక్కే లాభం ఆ రెండు శాతమే. కనుక ఎక్కువ శాతం చూపించే సాఫ్ట్‌వేర్ మంచిదన్న లెక్కతో ఎంపిక చేయకూడదు.

వేరే సాఫ్ట్‌వేర్ ఎవరికి అవసరం

విండోస్ పనిముట్టుకు నిజమైన లోట్లు కొన్ని ఉన్నాయి. ఏ ఫైలు ఎన్ని ముక్కలైందో అది చెప్పదు. డిస్క్ మొత్తాన్ని కాకుండా ఒక్క ఫైలునో ఒక్క ఫోల్డరునో సరిచేయమంటే చేయదు. డిస్క్ పటం చూపదు. విండోస్ నడుస్తున్నంతసేపు తాళం వేసి ఉండే పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) వంటి వాటిని ముట్టుకోదు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మీకు కావలసి వస్తే వెతకడానికి కారణం ఉన్నట్టే. వీడియో ఎడిటింగ్ చేసేవారికి, ఒకే పెద్ద ఫైలులో ఏళ్ల తరబడి లెక్కలు రాసుకునే చిన్న వ్యాపారులకు రెండో లోటు ముఖ్యమైనది. పేజ్ ఫైలు ఒక్కదాని కోసమే అయితే ఒక పాత ఉపాయం ఉంది. విండోస్ అమరికలలో పేజ్ ఫైలును తాత్కాలికంగా తీసివేసి, కంప్యూటరును తిరిగి మొదలుపెట్టి, డీఫ్రాగ్ పూర్తి చేసిన తరువాత దానిని స్థిరమైన పరిమాణంతో మళ్లీ ఏర్పాటు చేస్తే సర్దిన ఖాళీలో అది చాలావరకు ఒకేచోట కూర్చుంటుంది.

ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఒకటుంది. నమ్మదగిన డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఫైలు ముక్కలను కదపడానికి విండోస్ తెరిచి ఉంచిన ఒకే ద్వారం గుండా వెళతాయి. ఆ ద్వారం 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 నుంచి ఉంది. “ఈ క్లస్టర్లను అక్కడికి మార్చు” అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, మార్చేది మాత్రం విండోస్. అందువల్ల ఒక సాఫ్ట్‌వేర్ మరొకదానికంటే పది రెట్లు వేగవంతమన్న మాటను పట్టించుకోనవసరం లేదు. వాటి మధ్య నిజమైన తేడా ఏ ఫైలును ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలో, మీకు ఏమి చూపిస్తుందన్న దానిలో, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దానితో పాటు ఇంకేమి తెస్తుందన్న దానిలో ఉంటుంది. నా దృష్టిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

ఉచితం అన్న మాటకు ఇక్కడ పలు అర్థాలున్నాయి. కొన్ని పూర్తిగా ఉచితం. కొన్ని ఇంటి వాడకానికి మాత్రమే ఉచితం. దుకాణంలో వాడితే నియమం తప్పినట్టు. కొన్నింటిలో విశ్లేషణ ఉచితం, లేదా మామూలు డీఫ్రాగ్ ఉచితం, తాళం వేసిన ఫైళ్ల పని మాత్రం డబ్బు కట్టాకే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘నెక్స్ట్’ ‘నెక్స్ట్’ అని గబగబా నొక్కుకుంటూ పోతే ముందే పెట్టిన టిక్కుల వల్ల బ్రౌజరు మారిపోవడం, అక్కర లేని క్లీనర్లు వచ్చి చేరడం జరుగుతుంది. ‘కస్టమ్’ అన్న దారి ఉంటే దానినే ఎంచుకొని, ప్రతి టిక్కును చదివి, డీఫ్రాగ్‌కు సంబంధం లేనివన్నీ తీసివేయాలి. ఇన్‌స్టాల్ అవసరం లేకుండా నేరుగా నడిచే పోర్టబుల్ రూపం దొరికితే అదే మేలు. పని అయ్యాక ఫోల్డరును తీసివేస్తే చాలు. విశ్లేషణ కాగానే ‘మీ కంప్యూటరులో వందలాది సమస్యలు ఉన్నాయి’ అని ఎర్ర అక్షరాలతో భయపెట్టే సాఫ్ట్‌వేర్‌ను నేను రెండోసారి తెరవను.

తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. ఇతర చోట్ల పేజీ నిండా ఉండే డౌన్‌లోడ్ బొత్తాలలో అసలుది ఏదో కనుక్కోవడమే ఒక పరీక్ష. దిగిన ఫైలు మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిచి, ‘డిజిటల్ సిగ్నేచర్స్’ అన్న చోట తయారీదారు పేరు ఉందో లేదో చూడండి. వైరస్‌టోటల్ వెబ్‌సైటులో ఆ ఫైలును పరీక్షించవచ్చు కూడా. ఇవి చేసినా పూర్తి హామీ ఉండదనడానికి 2017లో జరిగినదే ఉదాహరణ. ఆ ఏడాది, కంప్యూటరును శుభ్రం చేసే సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్‌లోకి దుండగులు చొరబడి హానికరమైన కోడ్‌ను చేర్చారు. తయారీదారు సొంత సంతకంతో, సొంత వెబ్‌సైటు నుంచే అది జనానికి చేరింది. అందుకే అవసరం లేని సాఫ్ట్‌వేర్‌ను ఒకటి తగ్గించుకున్నా లాభమే.

పేర్ల విషయానికి వస్తే

సీక్లీనర్‌ను తయారుచేసిన పిరిఫామ్ సంస్థదే డీఫ్రాగ్లర్. ఆ సంస్థను 2017లో అవాస్ట్ కొన్నది. డీఫ్రాగ్లర్‌కు 2018లో వచ్చిన 2.22 వెర్షన్ తరువాత పెద్దగా కదలిక లేదు. పాతదైనా హార్డ్ డిస్క్ మీద దాని పని అదే, ఎందుకంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ మారలేదు. ముక్కలైన ఫైళ్లను సంఖ్యతో సహా వరుసగా చూపి, కావలసిన వాటికి మాత్రమే టిక్కు పెట్టి సరిచేసే వీలు ఇవ్వడం దీని బలం. డిస్క్ పటంలో ఒక గడిని నొక్కితే అక్కడ ఏయే ఫైళ్లున్నాయో కూడా చెబుతుంది. ఒకసారి వాడి చూద్దామనుకునే ఇంటివారికి నేను దీని పోర్టబుల్ రూపాన్నే సూచిస్తాను.

ఆదేశాలను టైపు చేసి పని చేయించే కమాండ్ ప్రాంప్ట్‌కు భయపడనివారికి మరింత మంచి ఎంపిక ఉంది. మార్క్ రుసినోవిచ్ రాసిన కాంటిగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఒకటి. 2006లో సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నప్పటి నుంచి ఇది మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతోంది. కాంటిగ్ అన్న పేరు తరువాత చిన్న గీత, ఏ అన్న అక్షరం, ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలు ఎన్ని ముక్కలుగా ఉందో చెబుతుంది. గీతను, అక్షరాన్ని తీసివేసి తిరిగి ఇస్తే ఆ ఫైలును ఒకచోట చేరుస్తుంది. ప్రకటనలు, వెనకాల దాగి నడిచే భాగాలు ఏవీ ఉండవు. ఒక్క ఫైలు కోసం ఇంతకంటే శుభ్రమైన పనిముట్టు నాకు తెలియదు. కమాండ్లు అక్కర లేకుండా ఇటువంటి పనే కావాలంటే విన్‌కాంటిగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. దానికీ ఇన్‌స్టాల్ అవసరం లేదు.

ఆస్‌లాజిక్స్ డిస్క్ డీఫ్రాగ్, ఐఓబిట్ స్మార్ట్ డీఫ్రాగ్ చూడడానికి అందంగా ఉంటాయి, పనీ చేస్తాయి. కాని వాటి ఉచిత రూపాలు డబ్బు కట్టే రూపాలకు ముంగిలి వంటివి. ఇన్‌స్టాల్ సమయంలో కళ్లు తెరిచి ఉంచాలి. అల్ట్రాడీఫ్రాగ్ 7వ వెర్షన్ వరకు సోర్స్ కోడ్‌తో సహా స్వేచ్ఛగా దొరికేది, విండోస్ మొదలయ్యే ముందే తాళం వేసిన ఫైళ్లను సర్దగలిగేది. తరువాతి వెర్షన్లు వాణిజ్య రూపం తీసుకున్నాయి. మైడీఫ్రాగ్‌ను ఇప్పటికీ తలచుకునే పాతకాపులు ఉన్నారు. దాని 4.3.1 వెర్షన్ 2010లో వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత కంప్యూటరును ముచ్చటగా కాపాడుకునేవారికి తప్ప దానిని నేను సూచించను. మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరు. ఇంటి వాడకంలో అక్కడ ఈ ప్రశ్న రాదనే చెప్పవచ్చు.

నడిపే రోజున

ముఖ్యమైన ఫైళ్లకు మరోచోట నకలు ఉందని ముందు నిర్ధారించుకోండి. తరువాత రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసి, వాడని ఆటలను, తాత్కాలిక ఫైళ్లను తీసివేసి, డిస్క్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉండేలా చూడండి. బెర్తులు మార్చుకోవాలంటే మధ్యలో కొంతసేపు ఎక్కడైనా నిలబడడానికి చోటు కావాలి కదా, నిండిపోయిన డిస్క్‌లో ఆ చోటు ఉండదు. సర్దడానికి ముందే తీసివేయడం వల్ల సర్దిన తరువాత కొత్త ఖాళీలు పడవు. డ్రైవు మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘టూల్స్’ అన్న చోట ‘చెక్’ నొక్కి, ఫైళ్ల పట్టికలో తప్పులు లేవని తేల్చుకోవాలి.

సిస్టమ్ రీస్టోర్ మీద ఆధారపడేవారికి ఒక హెచ్చరిక. 4 కేబీ క్లస్టర్లు ఉన్న డ్రైవులో ఫైళ్లను కదిపినప్పుడు ఆ కదలికలు కొత్త మార్పులుగా నమోదై, రీస్టోర్ పాయింట్లకు కేటాయించిన చోటు నిండిపోయి, పాత రీస్టోర్ పాయింట్లు కొన్ని తొలగిపోవచ్చు. ఆ పాయింటు మీకు కావలసినదైతే డీఫ్రాగ్‌ను వాయిదా వేయండి.

లాప్‌టాప్‌ను ఛార్జరుకు కలిపి ఉంచండి, నిద్రలోకి వెళ్లకుండా అమరికను మార్చండి. కరెంటు పోతే ఫైళ్లు పోతాయేమోనన్న భయం సహజమే. ముక్కను కొత్తచోటికి కాపీ చేసిన తరువాతే విండోస్ పట్టికను మారుస్తుంది, ఆ మార్పును చిట్టాలోనూ రాసుకుంటుంది. కనుక మామూలుగా ఫైలుకు నష్టం జరగదు. అయినా హఠాత్తుగా ఆగడం హార్డ్ డిస్క్‌కే మంచిది కాదు కాబట్టి, వేసవి మధ్యాహ్నాల కోతల వేళ యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు. ఒక టెరాబైటు డిస్క్ బాగా నిండి ఉంటే కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో కంప్యూటరును వాడకపోతే త్వరగా ముగుస్తుంది. మధ్యలో ఆపవలసి వస్తే సాఫ్ట్‌వేర్‌లోని ‘స్టాప్’ నొక్కి ఆపండి.

పూర్తయ్యాక పెద్ద ఫైళ్లు తెరుచుకోవడంలో, కంప్యూటరు మొదలవడంలో తేడా కనిపించవచ్చు. ఇంటర్‌నెట్ వేగంలోనూ, ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజరులోనూ తేడా ఆశించవద్దు. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరులో ఆ ఆలస్యం ఎక్కువగా ర్యామ్ చాలకపోవడం వల్లే వస్తుంది. నిజం చెప్పాలంటే, ఆ పాత కంప్యూటరులోని హార్డ్ డిస్క్ స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డిని పెట్టించి, విండోస్‌ను దాని మీదికి మార్పిస్తే వచ్చే తేడా ముందు ఏ డీఫ్రాగ్ సాఫ్ట్‌వేరూ నిలవదు.

వేరే సాఫ్ట్‌వేర్‌ను శాశ్వతంగా ఉంచుకోదలచినవారు చివరిగా ఒక పని చేయాలి. దాని కాలపట్టికనో విండోస్ కాలపట్టికనో, రెండింటిలో ఒకదానిని ఆపివేయాలి. ఏ ఫైలు ముందు ఉండాలన్న విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో అభిప్రాయం ఉంటుంది కాబట్టి, రెండూ నడిస్తే ఒకటి సర్దినదాన్ని మరొకటి కదుపుతూ డిస్క్‌ను వారం వారం ఊరికే తిప్పుతాయి. విండోస్‌దే ఉంచుకుంటే ‘ఛేంజ్ సెట్టింగ్స్’ నొక్కి ‘వీక్లీ’ స్థానంలో ‘మంత్లీ’ పెట్టినా మామూలు ఇంటికి సరిపోతుంది. అటువంటప్పుడు దించుకున్న సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషణ మాత్రమే వాడుకొని, దాని కాలపట్టిక మీది టిక్కును తీసివేయండి.